కెరటం పుట్టిల్లు

మనకు తెలిసిన కెరటం ఒడ్డున కనపడి ఒడ్డునే మాయమయ్యేది. విశాఖ రామకృష్ణా బీచిలోనో, మంగినపూడిలోనో, సూర్యలంకలోనో మోకాళ్ల దాకా తడిసి వచ్చే మనం చూసేది దాని చివరి వంద గజాల నడక. లేచింది, ముందుకు వంగింది, విరిగి నురగైపోయింది. ఆ కాస్త చూసే దాని గురించి మాటలన్నీ అల్లుకున్నాం. పట్టుదల గురించి చెప్పాలంటే పడి లేచే కెరటం. బతుకు నిలకడ లేనిదని చెప్పాలంటే అల మీది నురగ. రెండూ కెరటానికి అన్యాయం చేసే మాటలేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. నడిసముద్రంలో, గాలివానకు దూరంగా, కెరటం పడదు, విరగదు. రోజుల తరబడి సాగిపోతూ ఉంటుంది. విరగడమన్నది దాని ఆయుష్షులో ఆఖరి కొద్ది సెకన్లు. అంతకు ముందరి బతుకంతా మన కంటికి ఆనని చోట గడిచిపోయింది. తెలుసుకోవలసింది ఆ బతుకునే.

మొదలు గాలి. నున్నటి నీటి మీద గాలి అడ్డంగా వీస్తే నీరు నిలువుగా ఎందుకు లేవాలి? చిన్నపిల్లలు అడిగే ప్రశ్నే ఇది. కాని దీనికి నికరమైన జవాబు కోసం 1957 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు ఓవెన్ ఫిలిప్స్, జాన్ మైల్స్ అనే ఇద్దరు ఎవరి దారిన వాళ్లు ఆలోచించి చెరో సగం చెప్పారు. గాలి ఒక్క తీరుగా వీచదు, దాని లోపల చిన్న చిన్న సుళ్లుంటాయి, అవి నీటిని ఒకచోట నొక్కి ఒకచోట వదులుతాయి, తొలి ముడతలు అలా పడతాయి అన్నది ఫిలిప్స్ మాట. ముడత అంటూ పడ్డాక గాలికి పట్టు దొరుకుతుంది, ముడత పెరిగినకొద్దీ గాలి నుంచి మరింత శక్తిని లాక్కుంటుంది అన్నది మైల్స్ మాట. రెండు సెంటీమీటర్ల పొడవైనా లేని ఆ తొలి ముడతలను సరిచేసేది నీటి తలతన్యత. అవి ఇంకాస్త పొడుగు సాగాక ఆ పని భూమ్యాకర్షణ చేతికి వస్తుంది. అప్పటి నుంచి దాన్ని కెరటం అనవచ్చు.

అది ఎంతటిది అవుతుందన్నది మూడింటి మీద ఉంటుంది. గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, ఎంత మేర నీటి మీద అడ్డు లేకుండా వీచింది. మూడోదాన్ని మనం తరచు మరిచిపోతాం. హుస్సేన్ సాగర్ మీద ఎంత పెనుగాలి వీచినా నిలువెత్తు అల లేవదు. ఎదగడానికి దానికి చోటు లేదు. గంటకు 55 కిలోమీటర్ల గాలి తాను లేపగలిగినంత కెరటాన్ని పూర్తిగా లేపాలంటే ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీ, 500 కిలోమీటర్ల పైచిలుకు నీటి మీద ఆగకుండా వీచాలి.

అంత చోటూ అంత ఓపికా ఉన్న గాలులు దక్షిణాన ఉన్నాయి. భూమధ్యరేఖకు దిగువన 40, 60 అక్షాంశాల మధ్య పడమటి గాలులు భూగోళాన్ని చుట్టి వస్తుంటాయి. దక్షిణ అమెరికా కొస, న్యూజిలాండ్ లాంటివి తప్ప వాటికి పెద్ద అడ్డు లేదు. తెరచాప ఓడల నాటి నావికులు అందులో నలభైల అక్షాంశాలకు గర్జించే నలభైలని పేరు పెట్టుకున్నారు. బంగాళాఖాతానికీ అరేబియా సముద్రానికీ వచ్చే దూరపు కెరటాలకు పుట్టిల్లు చాలావరకు ఆ దక్షిణ ప్రాంతమే. అక్కడ తుపాను నడుస్తున్నప్పుడు సముద్రం చూడముచ్చటగా ఏమీ ఉండదు. పొట్టివీ పొడుగువీ, అటు పోయేవీ ఇటు పోయేవీ కెరటాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. తన పొడవులో ఏడో వంతు కంటే ఎత్తు లేస్తే కెరటం నిలబడలేక తలమీద తెల్లగా విరుగుతుంది. ఆ గందరగోళంలోనే ఒక పెద్ద పని జరుగుతుంది. కెరటాలు ఒకదానితో ఒకటి తగులుకున్నప్పుడు పొట్టి కెరటాల శక్తి కొంత పొడుగు కెరటాలకు చేరుతుంది. ఈ సంగతిని 1962లో లెక్కకట్టి చూపినవాడు క్లాస్ హాసెల్‌మాన్. వాతావరణ శాస్త్రంలో చేసిన వేరే కృషికి 2021లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నది ఈయనే.

ఇక్కడ ఒక మాట నిదానంగా చెప్పుకోవాలి. కెరటం వస్తుంది గాని నీళ్లు రావు. వల బెండును కాసేపు గమనించిన ఎవరికైనా ఇది తెలిసిపోతుంది. కెరటం దగ్గర పడుతుంటే బెండు దాని వైపు కాస్త వెనక్కి జరుగుతుంది, పైకెక్కుతుంది, శిఖరాన ముందుకు సాగుతుంది, కిందికి దిగుతుంది, పల్లంలో మళ్లీ వెనక్కి వస్తుంది. గుండ్రంగా ఒక చుట్టు తిరిగి ఉన్నచోటికే చేరుతుంది. బెండుతో పాటు దాని కిందున్న నీరూ అలాగే తిరుగుతుంది, లోతుకు పోయేకొద్దీ ఆ చుట్టు చిన్నదవుతుంది. కెరటం పొడవులో సగం లోతుకు వెళితే పైనున్న చుట్టులో ఇరవయ్యో వంతు కూడా మిగలదు. పైన ఓడ అల్లల్లాడిపోతున్నా, అంత లోతున ఈదే చేపకు ఆ సంగతి దాదాపు తెలియదు.

ఇల్లు కట్టేచోట శ్లాబు పోసే రోజున నిచ్చెన మీదా మెట్ల మీదా వరుసగా నిలబడి తట్టలు అందించుకునే కూలీలను చూసే ఉంటారు. ఏ ఒక్కరూ తమ మెట్టు దిగి నడవరు. ఒకరు వంగి అందుకుంటారు, లేచి పైవాళ్లకిస్తారు, ఖాళీ చేతులతో మళ్లీ వంగుతారు. తట్ట మాత్రం కింది నుంచి పైకి చేరిపోతుంది. నీటి పని అదే. అది మోసి అందించేది గాలి తనకిచ్చిన శక్తిని. ఆ చుట్టు సరిగ్గా మూసుకోదనీ, తిరిగిన ప్రతిసారీ నీరు పిసరంత ముందుకు జరుగుతుందనీ 1847లో జార్జ్ స్టోక్స్ చూపించాడు. సముద్రంలో తేలే చెత్తా, చమురు తెట్టూ మన ఒడ్డుకు కొట్టుకురావడంలో ఆ పిసరుకూ పాలుంది. కాని కెరటం చేసే దూరంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

తుపాను దాటి బయటపడ్డాక కెరటాల అసలు ప్రయాణం మొదలవుతుంది. లోతు నీటిలో కెరటం వేగాన్ని నిర్ణయించేది దాని పొడవు, ఎత్తు కాదు. ఒక శిఖరం దాటిన తర్వాత మరో శిఖరం రావడానికి 10 సెకన్లు పడితే ఆ రెంటి మధ్య దూరం 156 మీటర్లు, శిఖరం వేగం గంటకు 56 కిలోమీటర్లు. అదే వ్యవధి 20 సెకన్లయితే దూరం 624 మీటర్లు, వేగం గంటకు 112 కిలోమీటర్లు. అంటే పొడుగువి ముందు, పొట్టివి వెనక. తుపాను లోపల కలగాపులగంగా ఉన్నదంతా దారి పొడుగునా తనంతట తానే వరుసలు కడుతుంది. వెయ్యి కిలోమీటర్లు వచ్చేసరికి చిల్లర అలలన్నీ రాలిపోయి, నిదానమైన, నునుపు వీపుల కెరటాలు బారులు తీరి కనపడతాయి. ఓడల మీద వాటిని స్వెల్ అంటారు. ఎవరూ సర్దకుండానే గొడవ ఒక క్రమంలోకి వస్తుంది. దానికి కావలసిందల్లా దూరం.

అంతకంటే వింత ఇంకోటుంది. లోతు నీటిలో కెరటాలు గుంపులుగా సాగుతాయి. ఆ గుంపు వేగం, లోపలున్న ఒక్కొక్క శిఖరం వేగంలో సగమే. ఎత్తయిన చోటి నుంచి ఒక శిఖరాన్ని పట్టుకుని చూపుతో వెంటాడితే, అది గుంపు వెనక భాగంలో సన్నగా పుట్టి, నడుమకొచ్చి బలిసి, ముందుకు పోయి పోయి గుంపు అంచు చేరగానే నీటిలో కలిసిపోతుంది. ఈలోపు వెనకన ఇంకో శిఖరం పుట్టి ఉంటుంది. గుంపు మాత్రం తన సగం వేగంతో సాగుతూనే ఉంటుంది. అంటే దక్షిణాన తుపాను దగ్గర లేచిన శిఖరాల్లో ఒక్కటి కూడా మన ఒడ్డు దాకా రాదు. నీళ్లు రావని ముందే అనుకున్నాం. ఇప్పుడు చూస్తే కెరటం రూపం కూడా రావడం లేదు.

మరి వచ్చింది ఏమిటి? ఇది చదివిన రోజున చాలాసేపు ఇంకో పని మీద మనసు పెట్టలేకపోయాను. బయల్దేరింది ఏదీ రాలేదు. అయినా వచ్చిన కెరటాల వ్యవధిని కొలిచి, అది రోజురోజుకూ ఎంత తగ్గుతోందో రాసుకుంటే, ఆ తుపాను ఎంత దూరాన, ఏ రోజున పుట్టిందో చెప్పవచ్చు. మోసేవి మారిపోతే మోసినది కూడా చెడుతుందని మనకొక నమ్మకం. వంశం విషయంలో, సంప్రదాయం విషయంలో మన బెంగంతా దాని చుట్టూనే. కెరటం ఆ నమ్మకాన్ని ఒప్పుకోదు. దారిలో ప్రతి శిఖరమూ పోతుంది, ప్రతి నీటిచుక్కా తన చోటనే ఉండిపోతుంది, అందిన కబురు మాత్రం చెక్కుచెదరదు.

చెక్కుచెదరదన్నది ఊరికే అంటున్న మాట కాదు, కొలిచి చూసిన సంగతి. వాల్టర్ మంక్ 1917లో వియన్నాలో పుట్టి, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో బతుకంతా గడిపి, 101 ఏళ్ల వయసులో 2019లో కన్నుమూశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తన గురువు హరాల్డ్ స్వెర్‌డ్రప్‌తో కలిసి, సైన్యం ఒడ్డున దిగే రోజుకు కెరటాలు ఎలా ఉంటాయో ముందుగా చెప్పే పద్ధతిని తయారు చేశాడు. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో దిగిన సైన్యానికీ అది పనికొచ్చింది. కెరటాల్లో ఎత్తయిన మూడో వంతును తీసుకుని, వాటి సగటును సముద్రం ఎత్తుగా చెప్పే అలవాటు వాళ్లతోనే వచ్చింది. ఈ రోజుకూ హెచ్చరికల్లో మనం వినే అలల ఎత్తు అదే. అనుభవం ఉన్న నావికుడు కంటితో చూసి చెప్పే ఎత్తు కూడా దానికి దగ్గరగానే ఉంటుంది.

యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు, 1963లో, మంక్ ఒక పెద్ద ఆలోచనను అమల్లో పెట్టాడు. దక్షిణ మహాసముద్రంలో పుట్టిన ఒక్కో తుపాను కెరటాలను పసిఫిక్ పొడుగునా వెంటాడాలి. న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా ఒక గీత మీద కాపలా చోట్లు పెట్టారు. సమోవాలో భార్యతో, ఇద్దరు చిన్న కూతుళ్లతో మంక్ తానే మకాం వేశాడు. ఊళ్లే లేని పాల్మైరా దీవిలో ఒక జట్టు దిగింది. హవాయిలో ఒకటి. దానికీ అలాస్కాకూ మధ్య దీవి దొరక్క, ఫ్లిప్ అనే 108 మీటర్ల నావను తెచ్చారు. అది నీటిలో తోక ముంచి నిటారుగా నిలబడగలిగేది. ఆ ప్రయోగంలో హాసెల్‌మాన్ కూడా ఉన్నాడు. నెలల తరబడి కొలిచాక తేలింది ఇది: కెరటాలు నష్టపోయేదంతా తుపాను చుట్టుపక్కలనే. అక్కణ్నుంచి బయటపడ్డాక, భూమధ్యరేఖ దాటి, ఎదురుగాలులు దాటి, 10,000 కిలోమీటర్లు పోయినా వాటి శక్తి దాదాపు తరగడం లేదు. మధ్యలో వేరే గాలులు లేపిన కెరటాల లోంచి అవి దూరి అవతలికి వెళ్లిపోతున్నాయి.

ఈ దూరడం మాట కాస్త చెప్పాలి. రెండు దిక్కుల కెరటాలు ఎదురైతే ఒకదాన్నొకటి ఆపుకోవు. కలిసినచోట ఒక్క క్షణం రెండు ఎత్తులూ కలిసి నిలుస్తాయి, మరుక్షణం ఎవరి దారి వారిది. ఎన్నో శిఖరాలు ఒకేచోట ఒకేసారి కలిసే క్షణం అరుదుగా వస్తుంది, అది భయంకరమైనది. ఉత్తర సముద్రంలోని డ్రాప్నర్ వేదిక మీద 1995 జనవరి 1న కొలిచిన కెరటం ఎత్తు 25.6 మీటర్లు. ఆ సమయంలో అక్కడి సముద్రం ఎత్తు సుమారు 12 మీటర్లు. అలాంటి కెరటాల గురించి నావికులు తరతరాలుగా చెబుతూ వచ్చారు, వినేవాళ్లు అతిశయమని కొట్టిపారేశారు. ఆ పరికరం వాళ్ల మాట నిలబెట్టింది.

పుస్తకాల్లో చదివిన ఈ సంగతులు నా ఒంటికి ఎక్కింది మాత్రం విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడలో. ఆ పొద్దున గాలి లేదు. నీళ్ల మీద నూనె పోసినట్టు మెరుపు. అయినా ఓడ నిదానంగా లేచేది, నిదానంగా దిగేది. ముందర గాలివాన ఉందేమో అని నేను భయపడుతుంటే, పక్కన దుప్పటి పరుచుకుని పడుకున్న పెద్దాయన నవ్వాడు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి తాతల నాడే అండమాన్ చేరిన చేపల వేటకాళ్ల కుటుంబం ఆయనది. "గాలి ఇక్కడ నేదు బావూ. ఎక్కడో కొట్టింది, ఎప్పుడో కొట్టింది. దాని తాలూకిది" అన్నాడు. కళ్లు మూసుకునే ఇంకో మాట చెప్పాడు. కెరటం దక్షిణం నుంచి ఒకటే కాదట, తూర్పు పక్క నుంచి సన్నగా మరొకటి వస్తోందట. నేను లేచి కమ్మీ పట్టుకుని ఎంత చూసినా నాకు ఒకటే కనపడింది. తర్వాత నేనూ పడుకుని చూశాను. వీపు కింద ఒక పెద్ద ఊపు, దానికి అడ్డంగా, ఆలస్యంగా, ఒక చిన్న ఊపు.

పసిఫిక్‌లోని మార్షల్ దీవుల వాళ్లు ఈ విద్యను శాస్త్రంగా నేర్చుకున్నారు. దీవిని తాకిన కెరటం దాని చుట్టూ ఎలా వంగుతుందో, వంగినవి వెనక ఎక్కడ కలుస్తాయో తెలిస్తే కనుచూపులో లేని దీవిని కూడా కనిపెట్టవచ్చు. ఆకుల ఈనెలను కట్టి, దీవులున్న చోట గవ్వలు కూర్చి, కెరటాల వంపులకు పటాలు తయారు చేసుకున్నారు. ఆ పటాలను సముద్రం మీదికి తీసుకుపోరు. ఒడ్డున చూసి నేర్చుకోవడానికే అవి. పడవలో వాళ్లు నమ్ముకునేది ఒంటినే. మంక్ పరికరాలూ ఈనెల పటాలూ ఒక్క విద్యకే రెండు బడులని నా అభిప్రాయం, వాటిలో ఏదీ రెండోదానికి తీసిపోదు.

మన లెక్క మనం వేసుకుందాం. దక్షిణాన 45వ అక్షాంశం దగ్గర పుట్టిన కెరటాలకు విశాఖ సుమారు 7,000 కిలోమీటర్లు. 20 సెకన్ల కెరటాల గుంపు రోజుకు 1,350 కిలోమీటర్లు నడుస్తుంది, అయిదు రోజులు దాటాక చేరుతుంది. 14 సెకన్లవి ఏడు రోజులు దాటాక వస్తాయి. అప్పటికి ఆ తుపాను చచ్చిపోయి ఉంటుంది, ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు. కేరళ జాలర్లు ఇలా చెప్పాపెట్టకుండా వచ్చి ఇళ్లలోకి నీళ్లు తెచ్చే సముద్రాన్ని కళ్లక్కడల్ అంటారు. 2024 మార్చి 31న అక్కడ అదే జరిగింది. ఎండ కాస్తుండగా కెరటాలు రోడ్లెక్కాయి.

వీటిని ముందుగా కనిపెట్టి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది, 1999 నుంచి. దాని హెచ్చరికల్లో అలల ఎత్తుతో పాటు వ్యవధి కూడా ఉంటుంది. టీవీలో, పత్రికల్లో మాత్రం ఎత్తొక్కటే మిగులుతుంది. ఇది నన్ను బాధించే విషయం. 6 సెకన్ల వ్యవధితో వచ్చే మీటరున్నర అల కంటే 16 సెకన్ల వ్యవధితో వచ్చే ఒక్క మీటరు కెరటం ఎక్కువ శక్తిని మోసుకొస్తుంది, ఒడ్డుకొచ్చేసరికి ఎక్కువగా లేస్తుంది. పడవ దింపే మనిషికి ఆ రెండో అంకె ప్రాణంతో సమానం. దాన్ని వార్తలోంచి తీసేసే హక్కు ఎవరికీ లేదు.

కెరటం పొడవులో సగం కంటే లోతు తగ్గిన చోట కెరటానికి నేల తగులుతుంది. అక్కణ్నుంచి దాని నడక మందగిస్తుంది, పొడవు కుంచించుకుపోతుంది, ఎత్తు పెరుగుతుంది, వ్యవధి ఒక్కటే మారదు. లోతు తక్కువైన వైపు మందగించి లోతైన వైపు సాగడం వల్ల వంగుతుంది, విశాఖ డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండకొమ్ముల మీద శక్తినంతా కూడగట్టుకుని పడుతుంది. ఏటవాలుగా వచ్చిన చోట ఇసుకను ఒడ్డు వెంట తోసుకుపోతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో మన తీరాన ఆ ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. నడవనీయకుండా విశాఖ రేవుకు అడ్డుగోడలు కట్టాం గనకనే బీచికి డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పొయ్యాల్సి వస్తోంది. సముద్రపు కోతకు ఉప్పాడలో ఇళ్లు కోల్పోయిన వాళ్లకు ఈ ఇసుక లెక్కలు నాకంటే బాగా తెలుసు. నీటి లోతులో ఇంచుమించు ముప్పాతిక వంతు ఎత్తు లేచాక కెరటం విరుగుతుంది. మనం చూసేది ఇదే.

విరిగాక కూడా కథ మిగిలి ఉంది. ఒడ్డును తాకి వెనక్కి మళ్లిన కెరటాలు ఎదురొచ్చే కెరటాలతో కలిసినప్పుడు, ఆ రెంటి కలయిక సముద్రపు అడుగును లయగా నొక్కుతుంది. లోతున ఈదే చేపకు తెలియని కెరటం, ఈ ఒక్క దారిన, వేల మీటర్ల అడుగునున్న రాతికి తెలుస్తుంది. 1950లో మైకేల్ లాంగెట్-హిగ్గిన్స్ దీని గణితం చెప్పాడు. ఆ నొక్కుడు కెరటం వ్యవధిలో సగానికొకసారి పడుతుంది, కాబట్టి 14 సెకన్ల కెరటం భూమిలో 7 సెకన్ల వణుకవుతుంది. ఖండాల నడిబొడ్డున పెట్టిన భూకంప లేఖినులు కూడా రాత్రింబవళ్లు దాన్ని రాస్తూనే ఉంటాయి. హైదరాబాదు ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పరికరాలకూ ఇది తప్పదు. భూకంపాల కోసం చూసేవాళ్లు దాన్ని రొదగా భావించి వడగట్టి పక్కన పెడతారు. మరికొందరు మాత్రం ఆ రొద కోసమే, ఉపగ్రహాలూ సముద్రపు బోయాలూ లేని కాలం నాటి పాత కాగితపు చుట్టలను దుమ్ము దులిపి బయటికి తీసి, ఎవరూ చూడని తుపానులు ఏ ఏడు ఎన్ని వచ్చాయో ఆ గీతల్లోంచి లెక్క తేలుస్తున్నారు.